పద్నాలుగు వేలిముద్రలు

ఇనాయతుల్లా రాసిన జవాబుకు వంక పెట్టడం ఎవరి తరమూ కాదని జమ్మలమడుగులోని ఆ ఆఫీసులో అందరూ అనేవాళ్లు. పల్లెల్లో తాగునీటి పనులు చూసే చిన్న ఆఫీసు అది. ముగ్గురు గుమాస్తాలు, ఒక ఓవర్సీయరు, వాళ్లందరి పైన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. ఇనాయతుల్లా హెడ్ క్లార్కు. ప్రొద్దుటూరులో ఎస్సెల్సీ ప్యాసై, పద్దెనిమిదేళ్లుగా కాగితాల మధ్యే బతుకుతున్నాడు. నలభైకి దగ్గరపడ్డాడు. ఇంగ్లీషు వాక్యాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ మాట దగ్గర ఆపేస్తే అడిగినవాడికి ఏమీ దొరక్కుండా పోతుందో ఆయనకు తెలిసినంతగా ఆఫీసరుకు కూడా తెలియదు. పని మొదలే కాలేదని చెప్పాల్సిన చోట "పరిశీలనలో ఉన్నది" అని రాసేవాడు. మరిచిపోయామని ఒప్పుకోవాల్సిన చోట "తగు చర్య తీసుకోబడుచున్నది" అనేవాడు. ఆయన రాసినదాంట్లో అబద్ధం ఉండేది కాదు. అట్లని నిజమూ చేతికి చిక్కేది కాదు. అది పనితనం అనుకున్నాడే తప్ప, తప్పని ఏనాడూ అనుకోలేదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిపోయి, శాసనమండలి కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఆ పనితనానికి గిరాకీ పెరిగింది. ప్రొద్దుటూరు లాయరు లక్ష్మీనరసయ్య మండలిలో సభ్యుడయ్యాడు. అరవై దాటిన మనిషి, పీలగొంతు. లేచి మాట్లాడితే మూడో వరసకు వినపడదు. అందుకని ఆయన సభలో మాట్లాడటం కన్నా ప్రశ్నలు రాసి పంపడం మీదే నమ్మకం పెట్టుకున్నాడు. రాసి ఇచ్చిన ప్రశ్నకు మంత్రి రాతలోనే జవాబివ్వాలి. ఆ జవాబు అచ్చవుతుంది. ఆదివారం పొద్దున్నే ఆయన ఇంటి వసారాలో పల్లెల జనం వచ్చి కూర్చునేవాళ్లు. బడికి కప్పు లేదని ఒకరు, ఆసుపత్రిలో మందులు లేవని ఒకరు చెబుతుంటే, ఊరి పేరు, తేదీ అడిగి మరీ రాసుకునేవాడు.

"మాట గాలికి పోతాదప్పా. మనం రాసి అడిగితే వాళ్లు గూడా రాసే చెప్పాల. ఒకసారి రాసినాంక మింగేదానికి కాదు" అనేవాడు.

ఆ ప్రశ్న హైదరాబాదులో సెక్రటేరియట్ నుంచి కడపకు, కడప నుంచి జమ్మలమడుగుకు దిగి దిగి, ఎర్రచీటీ అంటించిన ఫైలులో ఇనాయతుల్లా బల్లమీదికి వచ్చి ఆగేది. ఆయన రాసిన జవాబు మళ్లీ అదే దారిన పైకెక్కేది. ఒక్కో మెట్టు దగ్గర కింద సంతకం మారేది గాని, పైన మాటలు మారేవి కావు. చివరికి మంత్రిగారి జవాబుగా అచ్చై వచ్చిన కాగితంలో తన వాక్యం కామాతో సహా కనపడితే ఇనాయతుల్లాకు కడుపు నిండేది. ఇంటికి తీసుకుపోయి భార్య మాబున్నికి చూపించి, "ఇది మంత్రి రాసింది కాదు, నేను రాసింది" అనేవాడు. మాబున్నికి చదువు రాదు. అయినా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి నవ్వేది.

1959 జనవరిలో రాళ్లగుంటపల్లె గురించి ఒక ప్రశ్న వచ్చింది.

ముద్దనూరు నుంచి నాలుగు మైళ్లు నడిస్తే వస్తుంది ఆ పల్లె. తాగేదానికి ఊరంతటికీ ఒకటే దిగుడుబావి. మెట్లు దిగి, మోకాటిలోతు నీళ్లలో నిలబడి బిందెలు ముంచుకోవాలి. ఏటా ఎండలు ముదిరేసరికి ఊళ్లో నారికురుపు లేస్తుంది. కాలిమీద బొబ్బ పొంగి, పగిలి, లోపలినుంచి తెల్లటి దారంలాగా పురుగు బయటికి వస్తుంది. దాన్ని అగ్గిపుల్లకు చుట్టుకుంటూ రోజుకు బెత్తెడు చొప్పున లాగాలి. తొందరపడి తెంపితే కాలంతా చీము పడుతుంది. ఆ కాలితో మనిషి నీళ్లలో దిగితే పురుగు తన పిల్లల్ని ఆ నీళ్లలో వదులుతుంది. ఆ నీళ్లు ఈ ఏడు తాగినవాళ్లకు వచ్చే ఏడు కురుపు లేస్తుంది. మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టి చేదుకునే బావిగా మారిస్తే ఆ రోగం ఊరొదిలి పోతుంది. ఆ పని మంజూరై రెండేళ్లు దాటింది. పని పూర్తయిందా లేదా, కాకపోతే ఎప్పటికవుతుందని లక్ష్మీనరసయ్య అడిగాడు.

ఫైలులో పని పూర్తయినట్టు ఓవర్సీయరు ఇచ్చిన సర్టిఫికెట్టు ఉంది. అయినా ఇనాయతుల్లా ఆయన్ను పిలిచి అడిగాడు.

"రాళ్లగుంటపల్లె బావి నిజంగా అయిపోయిందా?"

ఓవర్సీయరు నవ్వాడు. "ఒగపక్క గోడ లేసింది సాయబూ. మెట్లు మూసేదుంది, గిలక పెట్టేదుంది. పదైదు దినాల పని. నీ జవాబు హైదరాబాదు చేరేలోపల నా పని గూడా ఐపోతాది. ఐనట్టే రాసెయ్."

ఓవర్సీయరు పదిహేను దినాలంటే ఎన్ని నెలలో ఇనాయతుల్లాకు బాగా తెలుసు. కలం పట్టుకున్నాడు. ఎప్పటిలాగా అటూ ఇటూ కాని మాట రాద్దామంటే ప్రశ్న సందివ్వలేదు. అయిందా, కాలేదా. కాలేదంటే సర్టిఫికెట్టు ఇచ్చిన ఓవర్సీయరు, దానిమీద సంతకం పెట్టిన ఆఫీసరు ఇద్దరూ ఇరుక్కుంటారు. పైగా తన జవాబుకు ఆఫీసులో ఉన్న పేరు పోతుంది. "పని అన్ని విధముల పూర్తయినది" అని రాసేశాడు. ఆఫీసరు చదివి, "మీరు రాస్తే మండలిలో నోరు మెదిపేవాడుండడండీ" అన్నాడు. ఆ సాయంత్రం ఇనాయతుల్లాకు ఆ పొగడ్త ఎందుకో అరగలేదు. తెల్లారేసరికి మరిచిపోయాడు.

ఏప్రిల్‌లో రెండో ప్రశ్న దిగింది. ఈసారి లక్ష్మీనరసయ్య ముక్కలు ముక్కలుగా అడిగాడు. రాళ్లగుంటపల్లె బావి పని పూర్తయినట్టు ఇచ్చిన జవాబు వాస్తవమేనా? వాస్తవమైతే ఆ బావిని కళ్లారా చూసిన అధికారి ఎవరు? ఏ తేదీన చూశారు?

ఆ బావిని ఏ అధికారీ చూడలేదు. ఆఫీసరు ఇనాయతుల్లాను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మీరే వెళ్లి రండి. ఊరివాళ్ల చేత ఒక మహజరు తీసుకోండి. బావి బాగుంది, మాకు తృప్తిగా ఉంది అని. పదిమంది వేలిముద్రలుంటే ఇక అడిగేవాడుండడు. కాగితం ఇక్కడే టైపు చేసుకుని వెళ్లండి. ఒట్టి చేతులతో మాత్రం రాకండి."

ఇనాయతుల్లా ఆ మహజరు తానే ఇంగ్లీషులో టైపు చేసుకున్నాడు. ముందు బావి చూద్దాం, పనైపోయి ఉంటే గొడవే లేదు, కాకపోతే అప్పుడు ఆలోచిద్దాం అని తనకు తాను చెప్పుకుంటూ ముద్దనూరులో బస్సు దిగి, గొడుగు వేసుకుని నడిచాడు.

పల్లె చేరగానే నేరుగా బావి దగ్గరికే పోయాడు. ఒకపక్క నడుమెత్తు గోడ ఉంది. దానిమీద ఎవరో గుడ్డలు ఆరేసుకున్నారు. మిగతా మూడు పక్కలా ఏమీ లేదు. మెట్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నలుగురు ఆడవాళ్లు బిందెలతో నీళ్లలో నిలబడి ఉన్నారు. అందులో ఒకామె కాలికి గుడ్డ చుట్టుకుని, ఆ కాలిని నీళ్లకు తగలనివ్వకుండా పై మెట్టు మీద పెట్టి, ఒంటికాలి మీద వంగి బిందె ముంచుతోంది. కొత్త మనిషిని చూసి, కొంగు సర్దుకుని, బిందెతో కుంటుకుంటూ పైకి వచ్చింది.

ఆమె పేరు మైమూన్. దూదేకి పరుపులు కుట్టే నబీ రసూల్ భార్య. లక్ష్మీనరసయ్య దగ్గరికి పోయి బావి సంగతి మొదట చెప్పింది నబీ రసూలే. ఆఫీసు నుంచి మనిషి వచ్చాడని తెలిసి నబీ రసూల్ పరుగున వచ్చి, ఇనాయతుల్లాను తన ఇంటి అరుగు మీదికి తీసుకుపోయాడు. కాసేపటికి అరుగు ముందర జనం పోగయ్యారు.

"సూసినావు గదప్పా బావి" అన్నాడు నబీ రసూల్. "ఓవర్సీయరు ఆ గోడ కట్టి పోయినోడు మళ్లా రాల్యా. లాయరు సామి రాసినందుకైనా నువ్వు వచ్చినావు. అది సాలు మాకు."

ఇంతలో మైమూన్ ఇత్తడి చెంబు తెచ్చింది. చెంబు మూతిమీద తెల్లగుడ్డ వేసి, నీళ్లు వడకట్టి, గుడ్డ తీసి ఆయన ముందర పెట్టింది. "ఎండలో నడ్చి వచ్చినావు, తాగన్నా" అంది.

ఇనాయతుల్లా గొంతు ఎండిపోయి ఉంది. అయినా చెయ్యి చాపలేకపోయాడు. కళ్లు ఆమె కాలికి చుట్టిన గుడ్డమీదికి, ఆ గుడ్డలోంచి బయటికి కనపడుతున్న అగ్గిపుల్ల మీదికి పోయాయి.

"రోజా ఉన్నానమ్మా" అన్నాడు.

రంజాన్ పండగైపోయి ఇరవై రోజులు కాలేదు. పండగ తర్వాత ఇంకా ఆరు దినాలు ఉపవాసం పట్టేవాళ్లు కొందరుంటారు. మైమూన్ ముఖంలో గౌరవం కనపడింది. చెంబు వెంటనే వెనక్కి తీసుకుంది. నబీ రసూల్ తల్లి హజరాబీ, డెబ్బై ఏళ్ల ముసలామె, "ఇంత ఎండలో రోజా పట్టినాడు, మంచోడు" అని పక్కామెతో అంది. ఆ మాట ఇనాయతుల్లా చెవిన పడింది.

సంచిలోంచి కాగితం తీశాడు. అప్పటికైనా తీయకుండా లేచి రావచ్చు. మొదటి జవాబు తాను రాసిందే. ఇప్పుడు బావి కాలేదని ఒప్పుకుంటే, మొదటిది ఎవరు రాశారన్న మాట వస్తుంది. ఆ భయమే ఆయన చేత కాగితం తీయించింది.

"ఏం రాసినారప్పా అందులో?" అని నబీ రసూల్ అడిగాడు.

"బావి సంగతే మామా. మీ బావి సంగతి సర్కారుకు పోతాది."

"మెట్లు మూపిస్తారా అయితే?" అంది మైమూన్.

"కాగితం హైదరాబాదు దాకా పోతాదమ్మా" అన్నాడు ఇనాయతుల్లా. అదీ అబద్ధం కాదు.

సిరా గుడ్డ విప్పాడు. ఒక్కొక్కరే వచ్చి బొటనవేలు ముందుకు పెట్టారు. హజరాబీ వేలు ముడతలు పడి, అచ్చు సరిగా పడక రెండుసార్లు వెయ్యాల్సి వచ్చింది. "బాగా పడిందా నాయనా? నాది పనికొస్తాదా?" అని అడిగింది. పనికొస్తుందన్నాడు. మొత్తం పద్నాలుగు. మైమూన్‌ది ఆఖరిది. వేలు తుడుచుకుంటూ ఆమె, "మా బిడ్డకు పోయినేడు లేసింది, ఈ ఏడు నాకు. మూడో మనిషికి రాకుంటే సాలన్నా" అంది.

తిరిగి ముద్దనూరు చేరేసరికి ఇనాయతుల్లా కళ్లు తిరుగుతున్నాయి. స్టేషను దగ్గర అంగట్లో సోడా కొట్టించి, గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఇంకొకటి అడిగి అదీ తాగుతున్నాడు. వెనక ఎవరో నిలబడినట్టనిపించి తిరిగి చూస్తే నబీ రసూల్! ఆయన చేతిలో ఇనాయతుల్లా గొడుగు ఉంది. అరుగు మీద మరిచిపోయి వచ్చాడు. అది ఇచ్చిపోదామని ఆయన ఎండలో నాలుగు మైళ్లు వెంట వచ్చాడు పాపం, చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

నబీ రసూల్ సోడా సీసా వైపు చూశాడు. పొద్దు ఇంకా నడినెత్తి దాటలేదు. గొడుగు చేతికిచ్చాడు.

"నువ్వు గూడా ఒగ సోడా తాగు మామా" అన్నాడు ఇనాయతుల్లా.

"వొద్దప్పా. ఇంటికాడ నీళ్లుండాయి" అని నబీ రసూల్ వచ్చిన దారినే తిరిగి పోయాడు.

ఆ మనిషి మలుపు తిరిగేదాకా ఇనాయతుల్లా అంగట్లోనే నిలబడ్డాడు. అప్పటికీ ఆ కాగితం చించెయ్యలేదు. మరుసటి దినం అది ఫైలులో చేరింది. "స్థానికులు పదునలుగురు బావి పట్ల తమ సంతృప్తిని లిఖితపూర్వకముగా తెలిపియున్నారు" అని రాశాడు. ఆఫీసరు సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఏడాది గడిచింది. 1960లో బడ్జెట్టు మీద చర్చ జరుగుతున్నప్పుడు లక్ష్మీనరసయ్య తన పీలగొంతుతోనే లేచి, రాళ్లగుంటపల్లె బావి పేరెత్తాడు. రాతలో ఇచ్చిన జవాబు తనకు నమ్మకం కలిగించలేదన్నాడు. మంత్రి ఫైలు తెప్పించి, మహజరు పైకెత్తి చూపించాడు. పద్నాలుగు వేలిముద్రలు. సభ నవ్వింది. లక్ష్మీనరసయ్య లాయరు మనిషి, కాగితానికి విలువిచ్చేవాడు. ఆ ఊరివాళ్లు తనకొక మాట చెప్పి సర్కారుకింకొక మాట రాసిచ్చారని, సభ కాలం వృథా చేసినందుకు తనను మన్నించాలని చెప్పి కూర్చున్నాడు. పత్రికలో నాలుగు వరసలు పడ్డాయి. ఆ పత్రిక ఆఫీసులో చేతులు మారింది. ఓవర్సీయరు ఇనాయతుల్లా భుజం తట్టాడు. ఇనాయతుల్లా ఆ మధ్యాహ్నం క్యారియరు విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాడు.

"ఏమైంది? ఒంట్లో బాగలేదా?" అని మాబున్ని అడిగింది. ఏమీ లేదన్నాడు. ఇదివరకు అచ్చైన ప్రతి జవాబూ ఆమెకు చూపించినవాడు, దీన్ని చూపించలేదు.

ఏప్రిల్ నెలాఖరున నబీ రసూల్ ఆఫీసుకు వచ్చాడు. మెట్లెక్కలేక కిందనే నిలబడి కబురు పంపాడు. ఇనాయతుల్లా బయటికి వచ్చి చూస్తే, మనిషి కర్ర ఊతగా పెట్టుకుని ఉన్నాడు. రెండు కాళ్లకూ గుడ్డలున్నాయి. ఎడమకాలి గుడ్డ తడిసి పచ్చగా మరకలు కట్టింది.

"బండి దొరికింది, వచ్చినా" అన్నాడు. జేబులోంచి ఒక కవరు తీశాడు. "లాయరు సామి జాబు రాసినాడు. మా బడిపంతులు లీవులో పొయినాడు. నాకు తెల్సిన సదువుకున్నోడివి నువ్వొగనివే. సదువప్పా."

ఇనాయతుల్లా కవరు తీసుకున్నాడు. లక్ష్మీనరసయ్య తెలుగులో, గుండ్రటి అక్షరాలతో రాశాడు. మీ మాట నమ్మి నేను మూడుసార్లు అడిగాను, మీరు నాతో ఒకటి చెప్పి సర్కారుకు ఇంకొకటి రాసిచ్చారు, నిండు సభలో నేను తలవంచుకోవలసి వచ్చింది, ఇకమీదట మీ ఊరి పనిమీద నా దగ్గరికి రావద్దు అని ఉంది. ఇనాయతుల్లా మొదటి రెండు వరసలు పైకి చదివాడు. మూడో వరస దగ్గర ఆగాడు. కాని నబీ రసూల్ తలెత్తి ఎదురుచూస్తున్నాడు. చివరిదాకా చదివాడు.

నబీ రసూల్ కవరు వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"మేమేం అబద్ధం చెప్పినామప్పా?" అన్నాడు. కోపం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. "ఊర్లో ఈ ఏడు పదకొండు మందికి లేసింది. మా అమ్మ గూడా మంచం మీదుండాది. బావి ఆడనే ఉండాది, ఎవురైనా వచ్చి సూసుకోవచ్చు. మేం రాసిచ్చింది నీకొగ కాగితమే గదా. అందులో ఉండేది గూడా బావి సంగతే అంటివి. లాయరు సామికి ఎవురో సాడీలు చెప్పినారు. నువ్వన్నా పోయి చెప్పప్పా, మేం అట్లాంటోళ్లం కాదని."

పదకొండు మంది. కిందటేడు తాను ఆ బావి చూసి వచ్చిన తర్వాత తాగిన నీళ్ల ఫలితం ఇది. అప్పుడే నిజం రాసి ఉంటే మెట్లు మూసేవాళ్లు. ఆ లెక్క ఇనాయతుల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నీళ్లు తాగినాక కురుపు లేవడానికి ఏడాది పడుతుందని ఆఫీసు గోడకు అంటించిన ఆరోగ్యశాఖ బొమ్మల కాగితంలోనే ఉంది.

"చెప్తా మామా" అన్నాడు.

ఆదివారం పొద్దున ప్రొద్దుటూరు పోయాడు. లక్ష్మీనరసయ్య వసారాలో జనం ఉన్నారు. వాళ్లందరూ పోయేదాకా ఒక మూల నిలబడి, ఆఖరున ముందుకు వచ్చాడు. తానెవరో, ఏ ఆఫీసువాడో చెప్పి, మొదటి జవాబు నుంచి సోడా సీసా దాకా ఏదీ దాచకుండా చెప్పేశాడు. ఆ సోడా మాట ఎందుకు చెబుతున్నాడో తనకే తెలియలేదు. చెప్పకుండా ఉండలేకపోయాడు.

లాయరు తిడతాడనుకున్నాడు. ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సభలో నేను వాళ్లను అబద్ధీకులనంటినే" అన్నాడు. "ముద్దనూరు మీద పన్నెండుసార్లు రైల్లో పోయినా ఈ ఏడాదిలో. దిగి నాలుగు మైళ్లు పోయి సూసి రాల్యా. ప్రశ్న రాసి పంపిస్తే నా పని ఐపాయ అనుకుంటి. వాళ్లకు జాబు గూడా ఎట్లాంటిది రాస్తి!"

కాసేపటికి లాయరు లోపలికి పోయి తెల్లకాగితాలు, కలం తెచ్చి ముందు పెట్టాడు.

"నోటిమాట పనికిరాదప్పా. రాసియ్యి. నీ ఉద్యోగానికి ముప్పొస్తాది, నేను దాచను. ఆలోచించుకో."

ఇనాయతుల్లా కలం తీసుకున్నాడు. ఇరవయ్యేళ్లు రాసిన చెయ్యి. మొదటి కాగితం మీద "పరిస్థితుల ప్రాబల్యము వలన" అని మొదలుపెట్టి కొట్టేశాడు. రెండో కాగితం మీద "పై అధికారుల మౌఖిక ఆదేశానుసారము" అని రాసి, అదీ నలిపేశాడు. ఆ మాటల్లో ఎక్కడా తాను లేడు. మూడో కాగితం మీద తెలుగులో, బడిపిల్లవాడిలాగా రాశాడు. బావి కాలేదు. కాలేదని నాకు తెలుసు. అయిందని నేనే రాశాను. వేలిముద్రలు వేసినవాళ్లకు కాగితంలో ఏముందో నేను చదివి వినిపించలేదు. అడిగినా చెప్పలేదు. కింద సంతకం పెట్టి, తేదీ వేశాడు.

లక్ష్మీనరసయ్య మూడో ప్రశ్న పంపాడు. వేలిముద్రలు వేసిన పద్నాలుగు మందికి ఆ కాగితం వాళ్ల భాషలో చదివి వినిపించారా, వినిపించినది ఎవరు అని అడిగాడు. దానికి ఇనాయతుల్లా రాసిచ్చిన కాగితం నకలు జతపరిచాడు. సభలో లేచి, ఆ ఊరివాళ్ల మీద తానన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడట. ఆ సంగతి ఏ పత్రికలోనూ పడలేదు.

ఈసారి ప్రశ్న ఇనాయతుల్లా బల్లమీదికి రాలేదు. కడప నుంచి వేరే అధికారులు వచ్చి, ఊరివాళ్లను అడక్కుండా ఆఫీసులోనే విచారించారు. ఓవర్సీయరును ఆరు నెలలు సస్పెండు చేసి మళ్లీ పనిలోకి తీసుకున్నారు. నోటిమాట తప్ప కాగితం మీద ఆఫీసరు చెప్పినదేమీ లేదు కాబట్టి ఆయనకు ఏమీ కాలేదు. ఇనాయతుల్లాను హెడ్ క్లార్కు నుంచి మామూలు గుమాస్తాగా దించి పులివెందులకు వేశారు. మాబున్ని సామాన్లు కట్టుకుంటూ, "మనకీ గతి ఎందుకొచ్చింది? ఎవరికేం చేసినాం?" అని కళ్లు తుడుచుకుంది. అప్పుడు చెప్పాడు ఆమెకు. ఆమె చేతిలో పని ఆపి ఆయన్నే చూసింది.

1961 ఫిబ్రవరికి బావి పూర్తయింది. మెట్లు మూశారు, నాలుగు పక్కలా గోడ లేచింది, గిలక పెట్టారు. నబీ రసూల్ బడిపంతులు చేత జాబు రాయించాడు. నీకిచ్చిన కాగితం వల్లనే బావి అయింది, ఊరంతా నిన్ను తలుచుకుంటాంది, ఒకసారి వచ్చి పో అని. ఇనాయతుల్లా ఆ జాబు పట్టుకుని లక్ష్మీనరసయ్య దగ్గరికి పోయి, వాళ్లకు నిజం చెప్పలేదా అని అడిగాడు.

"నా తప్పు నేను చెప్పుకున్నా. నీది నువ్వే చెప్పాల" అన్నాడాయన.

పోయాడు. అదే అరుగు, అదే జనం. కొందరు దండాలు పెట్టారు. మైమూన్ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఇనాయతుల్లా కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఆ కాగితంలో బావి బాగుందని, మాకు తృప్తిగా ఉందని ఇంగ్లీషులో రాసి ఉందని చెప్పాడు. లాయరు సామి మీకు అట్లాంటి జాబు రాసింది ఆ కాగితం వల్లనేనని, ఏడాది ముందే కావాల్సిన బావి తనవల్లనే ఆలస్యమైందని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పాడు.

ఒకాయన తలపాగా తీసి దులుపుకుని లేచి పోయాడు. ఆయన వెనక ఇంకొకరు. మైమూన్ మాత్రం అక్కడే నిలబడింది.

"అంటే మా ఏలిముద్రలతోనే మమ్మల్ని అబద్ధాలోళ్లను చేసినావా అన్నా?" అంది.

"అవునమ్మా."

అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్న హజరాబీకి చెవులు సరిగా వినపడవు. కొడుకు చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. విని ఆమె చెయ్యి చాపింది.

"నా ఏలిముద్ర నాకియ్యి" అంది.

"అది నా కాడ లేదమ్మా. హైదరాబాదులో ఫైలులో ఉండాది."

"పోయి తెచ్చియ్యి నాయనా. నాది ఆడ ఉండకూడదు."

తెస్తానని చెప్పి వచ్చాడు. పులివెందుల నుంచి సెక్రటేరియట్‌కు అర్జీ రాశాడు. మహజరు తప్పుడుదని విచారణలో తేలింది కాబట్టి, దాన్ని వేలిముద్రలు వేసినవారికి తిరిగి ఇప్పించాలని కోరాడు. జవాబు లేదు. మళ్లీ రాశాడు. మూడోసారి రాసినప్పుడు, అలాంటి కాగితాలు తిరిగి ఇచ్చే నిబంధన లేదని రెండు వరసల జవాబు వచ్చింది. దానికి వంక పెట్టడం ఆయనకు చేతకాలేదు.

1962 వేసవిలో ఒక సంతరోజు పులివెందులలో నబీ రసూల్ ఎదురయ్యాడు. దూదేకే విల్లు భుజాన వేసుకుని పనికోసం వచ్చాడు. కర్ర లేకుండా నడుస్తున్నాడు. ఇనాయతుల్లా తప్పుకుపోదామనుకునేలోపలే చూశాడు.

"ఈ ఏడు మా ఊర్లో ఒగరికి గూడా లేయలేదప్పా" అన్నాడు.

ఇనాయతుల్లాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మైమూన్ బాగుండాదా?" అన్నాడు.

"ఉండాది. కాలు కొంచెం ఈడుస్తాది." నబీ రసూల్ విల్లు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "మా అమ్మ అడుగుతాంటాది, ఆయప్ప కాగితం తెచ్చినాడా అని."

"ఇయ్యరంట మామా."

నబీ రసూల్ తల ఆడించాడు. ఆ జవాబు ముందే తెలిసినట్టుంది ఆయన ముఖం. "సరే, చెప్తాలే" అని జనంలో కలిసి ముందుకు పోయాడు.

ఇంటికి రమ్మని, ఒక పూట అన్నం తిని పొమ్మని పిలవాలని ఇనాయతుల్లా నోటిదాకా వచ్చింది. ఇల్లు ఆ వీధి చివరే. పిలవలేకపోయాడు.